ఉస్తాద్ ట్రాలీ కోసం భూపాలపల్లి దాకా

వచ్చి పది రోజులైంది. నా నడుము మాత్రం ఇంకా ఆ లారీ సీటు మీదనే ఉన్నట్టుంది. పలకరించడానికి వచ్చిన వాళ్ళంతా "ఏం జూసినవ్ రాజవ్వా, గోదాట్ల మునిగినవా, దేవుని దర్శనమైందా?" అని అడుగుతున్నారు. కాళేశ్వరం రోడ్డు పట్టి కూడా కాళేశ్వరం చూడకుండా మళ్ళిన వాళ్ళం మేమిద్దరమే కావచ్చు. మేము పోయింది ఒక ట్రాలీ కోసం. తుప్పు పట్టి, ఒక పక్క చక్రాలు కదలక, ముప్ఫై అయిదేళ్ళ కింద అడవి అంచున వదిలేసిన ట్రాలీ. పోయి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక అంతా ఒక్కచోట రాసి పెడుతున్నాను.

జనగామ

మా ఆయన పేరు సాయిలు. లారీ మెకానిక్కు. మీసాలు రాని వయసులో మానుకోటకు పోయి ఖాజా ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాడు. కాగితాల మీద ఆ ఊరిని మహబూబాబాద్ అంటారు, మాకు మానుకోటే అలవాటు. ఆ ఉస్తాద్ ఏలంపాటలో ఒక మిలిటరీ లారీ కొన్నాడు. అది మామూలు లారీలా ఒక్క ముక్క కాదు. ముందు తలకాయ వేరు, వెనక బరువు మోసే ట్రాలీ వేరు. తలకాయ వెనక తాంబాళమంత ఇనుప పళ్ళెం ఉంటుంది. ట్రాలీ ముందు భాగం కింద రోకలి ముక్క లాంటి పిన్ను ఉంటుంది. పిన్ను పోయి పళ్ళెంలో పడితే రెండూ ఒక్కటైనట్టు. ఆ బండితో భూపాలపల్లి అడవుల నుంచి టేకు దుంగలు తోలేవారు. తోలింది మా ఆయనే.

మా పెళ్ళైన ఏడాదికి ఒకనాడు ఆయన ట్రాలీ లేకుండా వట్టి తలకాయతో తిరిగి వచ్చాడు. అడవిలో తుపాకులు పట్టిన అన్నలు ఆపి ట్రాలీ తగలబెట్టారని, కాళ్ళు మొక్కితే తలకాయను వదిలిపెట్టారని ఉస్తాద్‌కు చెప్పాడు. ఆ రోజుల్లో అలాంటి మాటను ఎవరూ రెండోసారి అడిగేవారు కాదు. ఉస్తాద్ ఈయన్ని పట్టుకొని ఏడ్చాడు. నేను కొబ్బరికాయ కొట్టాను. ఉస్తాద్ ఆ తర్వాత అడవి వైపు బండి పంపనే లేదు. దుంగల పని మానుకున్నాడు.

రెండేళ్ళ కింద, ఉస్తాద్ దొడ్లో పడి ఉన్న ఆ తలకాయను కొడుకులు తూకానికి అమ్ముతున్నారని తెలిసి, మా ఆయన దాన్ని ఇంటికి లాక్కొచ్చాడు. ఇక మా వాకిలి వాకిలి కాకుండా పోయింది. ముగ్గు వేసే చోట గేర్‌బాక్సు. నేను పిండి జల్లించే జల్లెడతో డీజిల్ వడపోశాడు. ఒక్కో ముక్క విప్పడం, కడగడం, లేని దాన్ని లేత్ మీద చేయించడం. మిలిటరీ ఆకుపచ్చ మనలాంటి వాళ్ళు వేయకూడదట, అందుకని ఇటుక రంగు వేశాడు. ఆయనకు అరవై దాటాయి. పొద్దంతా బండి కింద పడుకొని లేస్తే నేను చెయ్యిచ్చి లేపాలి.

ఇంజను పలికిన రోజు, చేతుల నూనె తుడుచుకుంటూ అసలు మాట చెప్పాడు.

"తగలవెట్టలే."

"ఏంది తగలవెట్టంది?"

"ట్రాలీ. నేనే ఇడిసిపెట్టొచ్చిన."

జరిగింది ఇది. భూపాలపల్లి దాటాక ఒక తండా దగ్గర ట్రాలీ ఎడమ టైరు పగిలింది, చక్రం విప్పాలి. మామూలు లారీకి నట్లన్నీ ఒకే వైపు తిరుగుతాయి. ఈ మిలిటరీ బండికి మాత్రం ఎడమ పక్క నట్లు ఉల్టా తిరుగుతాయి. ఆ సంగతి ఈయనకు తెలియదు. ఊడదీస్తున్నాననుకొని బిగిస్తూ పోయాడు. రాకపోతే తుప్పు అనుకున్నాడు. పానాకు పైపు తొడిగి దాని మీద నిలబడి దుమికాడు. బోల్టులు ఒకటి తర్వాత ఒకటి అన్నీ తెగాయి. దుంగలను కాంట్రాక్టర్ మనుషులు వేరే బండిలో వేసుకొని పోయారు. పదేళ్ళు పని నేర్పిన ఉస్తాద్ ముందు 'నట్టు విప్పరాక బండి వదిలేసి వచ్చిన' అని చెప్పడానికి నోరు రాక అంత పెద్ద అబద్ధం కట్టాడు.

"గది చెప్పనీకి ముప్పై అయిదేండ్లు వట్టిందా?" అన్నాను.

"ట్రాలీ దెచ్చి ముందట వెట్టి చెప్త. వట్టి చేతులతోని ఏ మొకం వెట్టుకొని చెప్పాలె?"

కాళేశ్వరం పోయి వచ్చిన మా చెల్లెలి భర్త, తండా పక్కన ఆ ట్రాలీ ఇంకా ఉందని చూసి చెప్పాడు. అంతలో ఎండాకాలం పోతూ పోతూ, ఉస్తాద్ జారిపడ్డాడని కబురు వచ్చింది. ఆయనకు ఎనభై దాటాయి. ఇక ఆగితే చెప్పడానికి మనిషి ఉండడని, వానలని కూడా చూడకుండా శ్రావణంలోనే బయలుదేరాము. తలకాయ వెనక నాలుగు టైర్లు, కొత్త బోల్టులు దిగగొట్టిన చక్రపు హబ్బు తాళ్ళతో కట్టి పైన టార్పాలిన్ కప్పాడు. నా కాళ్ళ దగ్గర ఆరు క్యాన్ల నీళ్ళు. ఇంజను వేడెక్కినప్పుడల్లా దిగి పోయడం నా పని.

జఫర్‌గఢ్

ఆ లారీ గంటకు ఇరవై అయిదు కంటే ఎక్కువ పోదు. గడ్డిమోపు కట్టుకున్న మోపెడ్ ముసలాయన కూడా మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూసి పోయాడు. జఫర్‌గఢ్ చేరేసరికే నేను నాలుగుసార్లు దిగి ఎక్కాను. ఎక్కడానికి మెట్టు నా మోకాలి కంటే ఎత్తు. "గీ బండి మనిద్దరి కంటె ఎక్కువ తాగుతాంది," అంటే ఆయన రోడ్డు వైపే చూస్తూ తోలాడు. ఇంజను చప్పుడులో వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో.

అక్కడ వాన అందుకుంది. ముందు అద్దం తుడిచే పుల్ల రెండుసార్లు ఊగి ఆగిపోయింది. రోడ్డు పక్క చాయ్ కొట్టు ముందు ఆపాము. చాయ్ పది రూపాయలు, మిర్చీ బజ్జీలు నాలుగు ఇరవై. మా జనగామలో బజ్జీలోకి ఉల్లిగడ్డ కోసి ఇస్తారు, ఇక్కడ వేయించిన పల్లీలు కూడా చల్లి ఇచ్చారు. కొట్టు ఆమె నా కంటే చిన్నది, రెండు చేతులా పని చేస్తూనే లారీని పైకీ కిందికీ చూసింది.

"గిది ఏడికెల్లి తోలుకొచ్చిన్రు అక్కా? సర్కస్ ఏమన్న వచ్చిందా?"

"మేమే సర్కస్," అన్నాను.

ఆమె నవ్వి, అద్దం సంగతి విని, ఒక ఆలుగడ్డను సగానికి కోసి చేతికి ఇచ్చింది. అద్దం మీద రుద్దితే వాన నీళ్ళు నిలవవట. "మా ఆయన లారీ తోలినప్పుడు గిట్లనే రుద్దేటోడు," అంది. ఇప్పుడేం చేస్తున్నాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆలుగడ్డకు పైసలు తీసుకోలేదు. నిజంగానే నీళ్ళు జారిపోయాయి, రెండు కిలోమీటర్లకు ఒకసారి దిగి రుద్దాల్సి వచ్చింది, అంతే. అది కూడా నా పనే అయింది.

పెద్దవంగర

పెద్దవంగరలో ఒక దుకాణం ముందు పొడుగ్గా చెప్పుల వరస ఉంది. మనుషులు చూరు కింద వానకు ఒదిగి నిలబడ్డారు, చెప్పులు మాత్రం లైన్లో ఉన్నాయి. యూరియా కోసమట. పొద్దుటి నుంచి లోడు వస్తుంది వస్తుంది అంటున్నారట. టార్పాలిన్ కప్పిన మా లారీ మలుపు తిరగ్గానే ఎవరో "అచ్చింది" అన్నారు. అంతే, చూరు కింది వాళ్ళంతా ఉరికొచ్చి చుట్టూ చేరారు. మా ఆయన బెదిరి బండి ఆపితే ఇంజను ఆగిపోయింది. ఒకామె వెనక చక్రం ఎక్కి టార్పాలిన్ ఎత్తి చూసింది.

"టైర్లేనే. యూరియా గాదు."

"టైర్లకు గంత మంచిగ కప్పుడెందుకు మరి?" అని ఒకాయన మా మీదనే కోపం చేశాడు.

నాకు సిగ్గనిపించింది, ఏదో మేమే మోసం చేసినట్టు. ఇంజను మళ్ళీ పలకలేదు. అప్పుడు ఆ ఉరికొచ్చిన వాళ్ళే, చెప్పులు లైన్లో వదిలి, బురదలో కాళ్ళు దిగబడుతుంటే, ఇంజను పలికేదాకా లారీని నెట్టారు. టార్పాలిన్ ఎత్తిన ఆమె పేరు యాకమ్మ. చీకటి పడుతోందని ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాము. మక్క నూకలతో వండిన గట్క, చింతచిగురు పప్పు. గట్క మా అమ్మ చేతిది తిన్న తర్వాత అదే. గట్కలోకి మేము మజ్జిగ పోసుకుంటాము, వాళ్ళు పప్పు కలుపుకుంటారు. తెల్లారి లేచేసరికి యాకమ్మ లేదు, చెప్పులు పెట్టడానికి పోయిందట. చెప్పి రావాలని చూశాను కానీ ఇంజను పలికినప్పుడే కదలాలన్నాడు ఈయన.

మానుకోట, పక్క నుంచి

మానుకోటలో ఉస్తాద్ ఉండే గల్లీ స్టేషన్ రోడ్డుకు దగ్గర. మా ఆయన ఆ వైపు తిప్పకుండా ఊరి చుట్టూ తిరిగి పోయాడు. అన్నం హోటల్లో కూర్చుంటే ముద్ద దిగలేదు ఆయనకు. తొంభై రూపాయల భోజనం, చేపల పులుసు కూడా పెట్టారు, వదిలేశాడు.

"రెండు గల్లీలే గదా. పోయి సూసి రారాదు," అన్నాను.

"ట్రాలీ రానీ."

"దొరకకపోతే?"

ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆయన ఆకులో చేపముక్క నేను తిన్నాను. రెండేళ్ళ నుంచి ఆ ఇనుముతో పాటు నన్ను కూడా తిప్పుతున్నాడని లోపల కోపంగానే ఉంది. కానీ చేతులు కడుక్కుంటూ, కుళాయి తిప్పి, మూసి, మళ్ళీ తిప్పి అక్కడే నిలబడిపోయిన మనిషిని ఏమంటాము. ఆ పూట నర్సంపేట చేరి అక్కడే పడుకున్నాము.

భూపాలపల్లి దాటాక

ములుగు దాటినప్పటి నుంచి రెండు పక్కలా చెట్లే. పచ్చదనం కళ్ళకు బాగుంది కానీ చూసే ఓపిక ఎవరికి ఉంది. క్లచ్చు తొక్కి తొక్కి ఈయన ఎడమ కాలు వణుకుతోంది. నేను నా చేత్తో ఆ మోకాలిని అదిమి పట్టుకున్నాను. భూపాలపల్లిలో రోడ్డంతా బొగ్గు బురద, వెనక బొగ్గు లారీల హారన్లు. ఒక డ్రైవర్ పక్కకు వచ్చి, "తాతా, మ్యూజియం గిటు గాదు," అని అరిచి పోయాడు. నా పసుపు చీర ఆ ఊరు దాటేసరికి ఏ రంగో చెప్పలేకుండా అయింది.

తండా దగ్గర దిగి చూస్తే ట్రాలీ ఉంది. మేము వదిలేసిన సరుకులా లేదు. రెండు పక్కలా రాళ్ళు పేర్చి వంగకుండా నిలబెట్టారు. పైన మందపాటి చెక్కలు పరిచారు. వాటి మీద వరసగా వెదురు బుట్టలు, బుట్టల్లో జానెడు ఎత్తు గోధుమ మొలకలు. కొత్త బట్టలు కట్టుకున్న ఆడపిల్లలు బిందెలతో నీళ్ళు తెచ్చి, పాడుకుంటూ వాటి మీద పోస్తున్నారు.

అది లంబాడీల తీజ్ పండుగ. పెళ్ళి కాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు ఎత్తైన మంచె మీద పెట్టి నీళ్ళు పోసి పెంచుతారు. మాకు బతుకమ్మ ఎలాగో వాళ్ళకు అది అలాగ. కాకపోతే మేము పూసిన పూలు తెంపి పేరుస్తాము, వాళ్ళు మొలిపిస్తారు. ఈ తండాలో మంచె అంటే మా ట్రాలీయే.

పెద్దావిడ ఒకరు వచ్చారు. పేరు మంగ్లి. తల సగం నెరిసింది, నా కంటే నాలుగేళ్ళు పెద్దది కావచ్చు. మా ఆయన, ఇది మా ఉస్తాద్‌ది, తీసుకుపోతాము అన్నాడు.

"ముప్పై అయిదేండ్లాయె, ఒక్కడు రాలె," అంది మంగ్లి. "ఇప్పుడొచ్చి మాది అంటె ఎట్లయితది? నీదే అని ఏంది గుర్తు? కాయితమున్నదా?"

కాగితం లేదు. ఏలంపాట కాగితం ఎప్పుడో చెదలు తిన్నాయి. మా ఆయన తల వంచుకొని నిలబడ్డాడు. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోవడమే అనుకొని నేను ఆ చెట్టు కిందనే కూలబడ్డాను. మంగ్లి ఈయన చుట్టూ తిరిగి, మొహం కేసి వంగి చూసింది.

"పైపు మీద ఎగిరి దుంకింది నువ్వేనా?"

ఈయన చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నువ్వే," అంది ఆమె. "అప్పుడు నేను కొత్త కోడల్ని. నీళ్ల బిందె దించి సూసిన. కోతి దుంకినట్టు దుంకినవ్. బోల్టు తెగినప్పుడల్ల కింద వడుడు, లేసుడు, మల్ల దుంకుడు." తండా వాళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తండాలో ఆ కథ అందరికీ తెలుసట, పిల్లలు ఆటగా కూడా ఆడతారట. మానుకోటలో నిప్పుల్లోంచి వచ్చిన మొనగాడు, ఇక్కడ పైపు మీద కోతి.

"నీదే. తీస్కపో," అంది మంగ్లి. "గాని బుట్టలు దిగేదాక ముట్టొద్దు. ఇంక మూడొద్దులు."

తండాలో మూడు రోజులు

మూడు రోజులు మంగ్లి ఇంటి అరుగు మీద ఉన్నాము. జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం, పండుగకు బెల్లం, నెయ్యి వేసి రొట్టెలు నలిపిన చుర్మో. మా మలీద లాంటిదే, ఇంకొంచెం మెత్తన. వాన ఆగదు, బట్టలు ఆరవు, నాకు జ్వరం తగిలింది. మంగ్లి ఏదో ఆకు కషాయం కాచి పోసింది. చేదుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మా ఆయన బుట్టలు కదలకుండా, ట్రాలీ కింద పడుకొని ఎడమ హబ్బు, నాలుగు టైర్లూ మార్చాడు. మొలకల మీద పోసిన నీళ్ళు చెక్కల సందుల్లోంచి ఆయన మొహం మీద కారేవి. పైన పాట, కింద సుత్తి చప్పుడు. ఒకసారి మంగ్లి వంగి, "ఈసారి ఎటు తిప్పుతున్నవ్?" అని అడిగి పోయింది.

మూడో రోజు బుట్టలు దించి వాగుకు పోయారు. తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు ఏడుస్తున్నారు, మొలకలను సాగనంపినందుకు అలా ఏడుస్తారట. ఆ తర్వాత మంగ్లి ఒక్క మాట అంది. చెక్కలు చనిపోయిన తన భర్త లాల్యా అడవి నుంచి తెచ్చి వేసినవి, అవి ఇవ్వనంది. వచ్చే ఏడు మంచెకు కావాలి. న్యాయమే. చెక్కలన్నీ విప్పి, గుంజలు పాతి, మా ఆయన వాళ్ళకు మంచె కట్టి ఇచ్చాడు. మాకు ఎముకల్లాంటి ఇనుము మిగిలింది.

తలకాయను వెనక్కి పోనిచ్చి పళ్ళెంలో పిన్ను పడేయడం మరో పూట పని. నేను వెనక నిలబడి "రా, రా, జర ఎడమకు, ఆగు" అంటూ గొంతు పోగొట్టుకున్నాను. పదకొండోసారి ఠంగుమని పడింది. ఈయన దిగి రాలేదు. పోయి చూస్తే స్టీరింగ్ మీద తల ఆనించి ఉన్నాడు. కాలు పట్టేసిందన్నాడు.

మానుకోట గల్లీలో

ఎనిమిదో రోజు మధ్యాహ్నం లారీ, ట్రాలీ ఒక్కటిగా ఆ గల్లీలోకి వచ్చాయి. మలుపులో ఒక ఇంటి మెట్టు అంచు కూడా విరిగింది. ఉస్తాద్ కోడలు షమీమ్ ఆయన్ని చేయి పట్టుకొని బయటికి తెచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. మనిషి సగమయ్యాడు. చూపు కూడా సగమేనట. కుర్చీని ట్రాలీ దగ్గరికి జరపమన్నాడు. ఇనుము మీద అరచేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు.

"కాలలేదు," అన్నాడు.

"లేదు ఉస్తాద్." మా ఆయన నేల మీద కూర్చున్నాడు. దాచకుండా అంతా చెప్పాడు. పైపు, బోల్టులు, అబద్ధం. చెప్పేటప్పుడు ఉస్తాద్ కాళ్ళ వైపే చూస్తున్నాడు.

ఉస్తాద్ ఇనుము మీది చేయి తీసి, అంటిన తుప్పును లుంగీకి తుడుచుకున్నాడు. నాకు భయం వేసింది. షమీమ్ నా చేయి పట్టుకుంది.

"ముప్పై అయిదేండ్ల సంది," అన్నాడు చివరికి, "గీ గల్లీల అందరికి జెప్పుకుంట వస్తున్న. మా సాయిలు అగ్గిలకెల్లి బండి తలకాయ గుంజుకొచ్చిండని. ఇప్పుడు నేనేం జెప్పాలె?"

"తప్పయింది ఉస్తాద్."

"నేను జెప్ప. నువ్వే జెప్పు. గీడ్నే కూసో. బండి సూడనీకి ఎవలొస్తె వాళ్లకు జెప్పు. మొదటికెల్లి."

మొదట పక్కింటి దర్జీ వచ్చాడు. మా ఆయన చెప్పాడు. మాట మాటకూ ఆగి, చెమట తుడుచుకున్నాడు. తర్వాత కోళ్ళ దుకాణం ఆయన, ఆ తర్వాత మెట్టు విరిగిన ఇంటి ముసలామె. ఆమెకు చెవుడు, బోల్టులు తెగిన ముక్క రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నాలుగోసారికి మంగ్లి అన్న కోతి మాట కూడా తనే కలిపాడు. వినేవాళ్ళు నవ్వారు. షమీమ్ నవ్వు ఆపుకోలేక చాయ్ గిన్నె పట్టుకొని లోపలికి పోయింది. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను, లేచే శక్తి లేదు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు. తల వంచుకొని ప్రతిసారీ మొదటి నుంచి చివరి దాకా వింటున్నాడు.

ఆరోసారి ఎవరో స్కూలు పంతులు వచ్చి నిలబడ్డాడు. మా ఆయన మొదలుపెట్టబోతుంటే ఉస్తాద్ చెయ్యి ఎత్తాడు.

"ఆగు బేటా. అప్పటికెల్లి ఒకటి ఇడిసిపెడుతున్నవ్."

"అంత జెప్పిన గదా ఉస్తాద్."

"ఎడమ దిక్కు నట్లు ఉల్టా తిరుగుతయని నీకు ఎవలు జెప్పాలె? పదేండ్లు నా దగ్గర ఉన్నవ్. ఆ బండి చక్రాలు ఎప్పుడు నేనే విప్పితి, నిన్ను ముట్టనియ్యకపోతి. చెప్పంది నేను. గది గూడ జెప్పు."

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. పంతులు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు ఉస్తాద్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, గొంతు సవరించుకొని, ఆ ముక్క తనే చెప్పడం మొదలుపెట్టాడు.